పల్లం ఖాతా: కాలువ గట్టు కింద ఆరు సెంట్లలో ఇల్లు

మా ఇంటికి లెక్కల పుస్తకాలు రెండు. సిమెంటు, ఇనుము, కూలి, భోజనాలు అన్నీ ఎక్కేది ఒకటి. రెండోదాని అట్ట మీద ‘పల్లం ఖాతా’ అని రాశాను. స్థలం చదునుగా ఉంటే పెట్టనక్కర్లేని ఖర్చు మాత్రమే అందులోకి వెళ్తుంది. ఇక్కడ రాస్తున్నది ఆ రెండో పుస్తకం సంగతి. ఇలాంటి స్థలం కొన్నవాళ్లు మేం చేసినవి మళ్లీ చేయకుండా ఉంటే చాలు.

స్థలం కోనసీమలో, పి.గన్నవరం వైపు ఒక పల్లెలో. కాలువ గట్టు మీద రోడ్డు, రోడ్డు దిగువన మా ఆరు సెంట్లు, ఆ వెనక వరి చేను. టేపుకి వచ్చింది 36 × 72 అడుగులు. ఎడమ పక్క పాత ఇల్లు. వాళ్లు ఎప్పుడో రోడ్డు మట్టానికి మెరక చేసుకున్నారు. కుడి పక్క చేలోకి దిగే పుంత (మట్టి బాట).

కోనసీమ అంటేనే బల్లపరుపు నేల, వాలు ఎక్కడిది అని మా బంధువులే అడిగారు. డెల్టాలో పంట కాలువలను మెరక వెంట తవ్వుతారు, మురుగు కాలువలను పల్లం వెంట. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఇదే పద్ధతి. మోటారు లేకుండా నీరు చేలకి ఎక్కాలంటే వేరే దారి లేదు. కాబట్టి పంట కాలువకీ మురుగు కాలువకీ మధ్య నేలంతా కొద్దో గొప్పో వాలే. మీదికి మళ్లీ గట్టు ఎత్తు. గట్టు రోడ్డు పక్కన చవకగా దొరికే స్థలాలన్నీ ఈ బాపతే.

ఎంత చవక? అదే ఊళ్లో చదును స్థలం కంటే సెంటుకి 70,000 తక్కువ. ఆరు సెంట్లకి 4,20,000. పల్లం ఖాతాలో మొదటి పంక్తి అదే, జమ వైపు. మిగతాదంతా ఖర్చు.

దశ 1: మట్టాలు (ఏప్రిల్ 9 – 16)

అమ్మినాయన “నాలుగడుగుల పల్లం ఉంటుందండీ, అంతే” అన్నారు. అరటి పిలకలు, గడ్డి, పాత కొబ్బరి పాదుల మధ్య కంటికి అలాగే కనిపించింది కూడా. రిజిస్ట్రేషన్ అయ్యాకే కొలిచాం. తప్పుల వరుసలో ఇదే మొదటిది. ఖాతాలో దీనికి అంకె లేదు గానీ, బేరమాడేటప్పుడు చేతిలో లేని అంకె అది.

వాడిన సామాను: 80 అడుగుల పారదర్శక గొట్టం (మేస్త్రులు లెవెల్ ట్యూబు అంటారు), రెండు సరుగుడు కర్రలు, సుద్దముక్క, నీలం సిరా.

1. గొట్టంలో సిరా కలిపిన నీళ్లు పోసి, ఒక కొస రోడ్డు అంచున పాతిన కర్రకి కట్టాలి.
2. రెండో కొసతో 12 అడుగులకి ఒకచోట ఆగి, నీటి మట్టం నుంచి నేలకి ఎంతో కొలవాలి. అందులోంచి రోడ్డు అంచు దగ్గరి కొలత తీసేస్తే మిగిలేదే పల్లం.
3. ప్రతి కొలతా రెండుసార్లు తీసుకోవాలి.

మూడో అంశం ఎందుకంటే, మొదటి రోజు వెనక సరిహద్దు దగ్గర 6 అడుగుల 1 అంగుళం వచ్చింది. మర్నాడు అదే చోట 7 అడుగులు. గొట్టం మధ్యలో గాలి బుడగ ఇరుక్కుని ఉంది. గొట్టాన్ని నేల మీద మెలికలు లేకుండా పరిచి, ఒక కొస నుంచే సన్నగా నీళ్లు వదిలితే బుడగ పోయింది. సిరా కలపకపోతే ఆ బుడగ కనిపించేది కూడా కాదు.

రోడ్డు అంచు నుంచి దూరం, పల్లం:

12 అడుగుల దగ్గర: 1 అడుగు 3 అంగుళాలు
24 దగ్గర: 3 అడుగులు
36 దగ్గర: 4 అడుగుల 6 అంగుళాలు
48 దగ్గర: 5 అడుగుల 9 అంగుళాలు
60 దగ్గర: 6 అడుగుల 6 అంగుళాలు
72 దగ్గర: 7 అడుగులు

మట్టి పరీక్ష కూడా ఇప్పుడే, రెండు చోట్ల. పైన మూడడుగులు ఒండ్రు, ఆ కింద జిగురు నల్లమట్టి, ఏడడుగుల తర్వాత ఇసుక. రోడ్డు వైపు మాత్రం పైన ఇంకో మూడడుగుల దాకా గట్టుకి ఎప్పుడో పోసిన వదులు మట్టి. ఈ ఒక్క వాక్యం నివేదికలో రెండో పేజీ అడుగున ఉంది. అప్పుడు చదివాను, పట్టించుకోలేదు.

పరీక్ష 12,000, గొట్టం 400.
*పల్లం ఖాతా ఇప్పటికి: రూ. 12,400*

దశ 2: మట్టి తోలించడం (ఏప్రిల్ 27 – జూన్ 17)

అనుకున్నది: స్థలమంతా రోడ్డు మట్టానికి మెరక చేసి, మీద మామూలు ఇల్లు కట్టడం. లెక్క: పై కొలతల ప్రకారం 10,584 ఘనపుటడుగులు నింపాలి. వదులు మట్టి దిమ్మిస కొడితే అణుగుతుంది కనుక మరో పావు వంతు. మొత్తం 13,230.

ట్రాక్టరు ట్రక్కు అంటే ఒక యూనిట్, 100 ఘనపుటడుగులు అని అందరూ అంటారు. పదో ట్రక్కు వచ్చినప్పుడు టేపు తీసుకుని ఎక్కాను. పొడవు 10, వెడల్పు 5½, లోతు 1½. అంటే 82½. డ్రైవరు నవ్వి ఊరుకున్నాడు. 133 ట్రక్కులు అనుకున్నది లెక్కలో 161 అయింది. ట్రక్కు 1,100 చొప్పున తేడా 30,800. మీరు మొదటి ట్రక్కుకే టేపు పట్టండి.

వేసవిలో చెరువులు తవ్విన మట్టి దొరుకుతోంది కదా అని అదే తోలించాం. అందులో ముందుగా 58 ట్రక్కులు వెనక పల్లంలో పోయించి, జేసీబీతో చదును చేయించాం. అడ్డుగోడ తర్వాత కట్టొచ్చు అనుకున్నాం.

ఆ మట్టిని తోలించక ముందే చేయాల్సిన పరీక్ష నిమిషం పని. గుప్పెడు మట్టి తీసుకుని, తడిపి, అరచేతుల మధ్య పాములా నలపాలి. అగరుబత్తి అంత సన్నగా సాగినా తెగకపోతే అది బంకమట్టి, మెరకకి పనికిరాదు. నేను ఈ పరీక్ష చేసింది జూన్ 15న.

జూన్ 14 రాత్రి మొదటి పెద్ద వాన. తెల్లవారుజామున వెనక చేను రైతు ఫోను చేశారు. “టీచరమ్మగారూ, మీ స్థలం మా నారుమడిలోకి వచ్చింది. ఒకసారి వచ్చి చూసుకోండి” అన్నారు. గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా సిగ్గేసింది. వెళ్లి చూస్తే దాదాపు తొమ్మిది ట్రక్కుల మట్టి జారి పంట బోదెని పూడ్చేసింది. నారుమడిలో మూడో వంతు నల్లగా మునిగి ఉంది. బోదె పూడితే మా వెనక ఆయనకే కాదు, ఆ కింద చేలన్నిటికీ నీరు ఆగుతుంది. నారు మీద యంత్రం తిప్పడానికి వీల్లేదు. పదకొండు మంది కూలీలు పారలతో, గమేళాలతో ఎత్తి మళ్లీ మా వైపు పోశారు.

58 ట్రక్కులు 63,800, జేసీబీ ఆరు గంటలు 7,200, కూలీలు 6,600, నారుకి నష్టపరిహారం 5,000. ఆయన అడగలేదు, మేమే ఇచ్చాం. మొత్తం 82,600.
*పల్లం ఖాతా ఇప్పటికి: రూ. 95,000*

దశ 3: ఒరిగిన గోడ (మే 20 – జూన్ 24)

ఇది పై దశతో పాటే నడిచింది. పుంత వైపు మట్టి జారకుండా 24 అడుగుల పొడవు, 5½ అడుగుల ఎత్తు, 9 అంగుళాల మందం ఇటుక గోడ కట్టించాం. ప్రహరీగోడ ఎలా కడతారో అలాగే. మేస్త్రి మంచి పనివాడు. వరసలు గీత గీసినట్టు ఉన్నాయి. కానీ ప్రహరీగోడ గాలికి నిలబడితే చాలు. ఇది మట్టికి నిలబడాలి. ఆ తేడా మా ఇద్దరికీ తోచలేదు.

గోడ వెనక నాలుగున్నర అడుగుల మట్టి చేరింది. తర్వాత ఆ జూన్ 14 వాన. పై నుంచి తూకం గుండు వేలాడదీసి, అడుగున ఎంత ఎడం వస్తోందో రోజూ ఉదయం కొలిచాను:

జూన్ 15: 1¼ అంగుళాలు
జూన్ 16: 1½
జూన్ 18 (మళ్లీ వాన): 2⅜
జూన్ 19: 2½, మధ్యలో నిలువు బీట

బీటలో ఐదు రూపాయల బిళ్ల నిలువునా దూరింది. పుంతలో పిల్లలు బడికి నడుస్తారు. ఆ రోజే పడగొట్టించాలని నిర్ణయించాం.

పడగొట్టే ముందు ఒక సంగతి చూశాను. గోడ అడుగున రెండో వరస ఇటుకల సందుల్లోంచి నీరు సన్నగా కారుతోంది, చెమట పట్టినట్టు. వాన ఆగి పద్దెనిమిది గంటలైంది. అంటే ఆ నీరంతా గోడ వెనకే నిలిచి ఉంది. గోడలో ఒక్క కన్నం కూడా పెట్టలేదు.

ఇటుక, సిమెంటు, ఇసుక, కూలి 25,860. పడగొట్టడానికి 3,900. పనికొచ్చే ఇటుకలు 800 మిగిలాయి కాబట్టి 6,400 తీసేశాను. నికరం 23,360.
*పల్లం ఖాతా ఇప్పటికి: రూ. 1,18,360*

దశ 4: ప్లాను మార్పు (జూన్ 25 – జులై 8)

స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గరికి ఏప్రిల్‌లో వెళ్లాల్సింది జూన్ చివర వెళ్లాం. ఆయన కాగితం మీద నాలుగు పంక్తుల్లో చెప్పింది నేను తొమ్మిదో తరగతికి చెప్పే లెక్కే.

ఆరడుగుల ఎత్తు పొడి మట్టి, గోడ ప్రతి మీటరు పొడవునూ ఇంచుమించు ఒక టన్ను బలంతో నెడుతుంది. మూడడుగులే అయితే పావు టన్ను. నెట్టే బలం ఎత్తు వర్గాన్ని బట్టి మారుతుంది. గోడను బోర్లా పడేసే గుణం ఘనాన్ని బట్టి మారుతుంది. ఎత్తు సగమైతే అది ఎనిమిదో వంతే. ఇక గోడ వెనక మట్టిలో ఆరడుగులూ నీరు నిలిస్తే, ఆ నీరొక్కటే టన్నున్నరకి పైగా నెడుతుంది. నానిన మట్టి దానికి అదనం.

“మీరు పల్లాన్ని పూడ్చడానికి డబ్బు పెడుతున్నారు. పూడ్చకుండా వదిలేస్తే ఎంత అవుతుందో చూశారా?” అని అడిగారు. చూడలేదు. అప్పటిదాకా మాకు తెలిసిన ఇల్లంటే మెరక మీద కట్టేదే.

మార్చినవి:

1. రోడ్డు నుంచి 22 అడుగుల 8 అంగుళాల వరకే మెరక. అక్కడ మూడడుగులకి లోపు ఎత్తుతో రాతి అడ్డుగోడ.
2. ఇల్లు 28 × 38. ముందు వరుస స్తంభాలు రోడ్డుకి 10 అడుగుల్లో, వెనక వరుస 48 అడుగుల్లో. మొత్తం నాలుగు వరుసలు, వరుసకి మూడు.
3. వెనక రెండు అంకణాలకి (స్తంభాల వరుసల మధ్య భాగాలకి) మట్టి లేదు. నేల బదులు స్లాబు; దాని కింద ఖాళీ.
4. గచ్చు మట్టం రోడ్డు కంటే 1½ అడుగులు పైన. పక్కింటి తాతగారు 1986 ఆగస్టు వరదలో ఈ వీధిలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో వాళ్ల అరుగు మీద చెయ్యి పెట్టి చూపించారు. దాన్ని బట్టి పెట్టుకున్న మట్టం ఇది.

స్తంభాల గుంతలు తవ్వాలంటే పోయించిన బంకమట్టి ముందు తీయాలి. 58 ట్రక్కుల్లో పెరడుని అడుగున్నర లేపడానికి 20 చాలు. మిగిలిన 38 ట్రక్కుల మట్టిని ఊళ్లో పశువుల పాకలకి, చేల గట్లకి ఉచితంగా ఇచ్చాం, రవాణా వాళ్లదే. కొన్న మట్టిని తీసుకెళ్లమని బతిమాలుకోవడం కూడా ఈ ప్రాజెక్టులో భాగమే.

డ్రాయింగులు 18,000, జేసీబీ ఐదు గంటలు 6,000.
*పల్లం ఖాతా ఇప్పటికి: రూ. 1,42,360*

దశ 5: నీళ్లలో పునాది (జులై 10 – ఆగస్టు 6)

ఈ డెల్టాలో పునాది తవ్వడానికి కాలం ఏప్రిల్, మే. కాలువలు కట్టేసి ఉంటాయి, చేలు ఎండి ఉంటాయి. జూన్‌లో కాలువలకి నీరు వదిలాక భూమిలో నీటి మట్టం పైకి వస్తుంది. జులైలో ఊడ్పులు మొదలైతే చేలో నీరు నిలబెడతారు. మా వెనక చేలో అప్పుడు మూడంగుళాల నీరుంది. ముందు కాలువ నిండుగా ఉంది. మధ్యలో మా గుంతలు.

మే నెలలో మట్టి పోయించుకుంటూ, గోడ కట్టించుకుంటూ గడిపినందుకు శిక్ష ఇది. వచ్చే ఏప్రిల్ దాకా ఆగమన్నారు ఇంజినీరు. అద్దె, బ్యాంకు వాయిదాలు రెండూ కట్టలేక ముందుకే వెళ్లాం.

గుంతల లోతు వెనక మూడు వరుసలకీ 5½ అడుగులు. ముందు వరుసకి 8½. కారణం ఆ మట్టి పరీక్ష రెండో పేజీ వాక్యమే. గట్టుకి పోసిన వదులు మట్టి మీద పునాది కూర్చుంటే ముందు వరుస ఒక్కటే దిగుతుంది, ఇల్లు మధ్యలో చీలుతుంది. వాలు మీద పునాదులకి ఇంకో నియమం ఉంది. పక్కపక్క పునాదుల అంచుల మధ్య రెండడుగుల ఎడం ఉంటే ఒక్క అడుగుకి మించి ఎత్తు తేడా ఉండకూడదు. లేకపోతే పైనున్నదాని బరువు కిందున్నదాని పక్క మట్టిని తోసేస్తుంది. మా వరుసల మధ్య తేడా ఎక్కడా రెండడుగులు దాటలేదు. ఎడం ఏడున్నర అడుగుల పైనే ఉంది.

వెనక వరుస మొదటి గుంత సాయంత్రం ఆరింటికి పూర్తయింది. ఉదయం వెళ్లేసరికి 3 అడుగుల 2 అంగుళాల నీరు. పైన ఒక కప్ప, కింద కూలిన పక్కగోడ. గుంత నాలుగు పక్కలా వెడల్పై, మళ్లీ తవ్వాల్సి వచ్చింది.

మార్చిన పద్ధతి:

1. ఒక రోజు రెండు గుంతలే. తవ్విన రోజే అడుగున పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు పొర) పడాలి.
2. గుంత మూలలో అడుగు లోతు చిన్న గొయ్యి. డీజిలింజను గొట్టం అందులో, చిల్లుల బకెట్‌లో పెట్టి. నేరుగా గుంతలో పెడితే నీటితో పాటు ఇసుకనీ లాగేసి పక్కలు కూలుస్తుంది.
3. తోడిన నీరు పుంత వారగా మురుగులోకి. ఒకరోజు పెరట్లో వదిలాం. అదే నీరు గంటలో మళ్లీ గుంతలోకి వచ్చింది.
4. ముందు వరుస గుంతలు ఒక్కొక్కటిగా మాత్రమే. ఒకటి కాంక్రీటు వేసి పూడ్చాకే రెండోది. పది అడుగుల అవతల రోడ్డు, దాని అవతల నిండు కాలువ. గట్టు పక్కన మూడు గుంతలు ఒకేసారి తెరిచి ఉంచే ధైర్యం ఎవరికీ లేదు.

స్తంభాల లెక్క: చదును స్థలంలో నేల నుంచి గచ్చుకి రెండడుగులు చాలు. మాకు వరుసగా 2½, 4¼, 6, 7¼. ముందు వరుస అదనపు లోతు కలిపితే మొత్తం 45 అడుగుల స్తంభం అదనం. అడుగు 550 చొప్పున 24,750. పొడవు పెరిగిన స్తంభాలు పక్కకి వంగకుండా వెనక రెండు వరుసలకి నడిమి ఎత్తులో కట్టుదూలాలు, 94 అడుగులు, అడుగు 480 చొప్పున 45,120. ఇంజను అద్దె, డీజిలు 13,800. కూలిన గుంతలకి 7,500.

దశ మొత్తం 91,170.
*పల్లం ఖాతా ఇప్పటికి: రూ. 2,33,530*

దశ 6: గచ్చు బదులు స్లాబు (ఆగస్టు 20 – సెప్టెంబరు 12)

709 చదరపు అడుగులు, చదరపు అడుగు 165. మొత్తం 1,16,985. చదును స్థలమైతే ఇక్కడ రెండడుగుల మట్టి, మీద కాంక్రీటు పడేవి, అవి 51,142. అదనం 65,843.

ఇక్కడ తృటిలో తప్పింది ఒకటుంది. సెంట్రింగు (స్లాబు పోసే అచ్చు) కింద ఆనించే సరుగుడు పోట్లు పెరట్లో కొత్తగా లేపిన మట్టి అంచు దాకా నిలిపారు. కాంక్రీటుకి ముందు రోజు రాత్రి జల్లు పడింది. ఉదయం దారం లాగి చూస్తే వెనక మూల ముప్పావు అంగుళం దిగింది. అలాగే పోసి ఉంటే స్లాబు అడుగు ఎప్పటికీ బొజ్జ వేసుకుని ఉండేది. మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం) వచ్చి నిలబడి ఉంది, పద్దెనిమిది మంది కూలీలు టీ తాగుతున్నారు. పోత ఆపి, పోట్ల కింద తాటి పట్టెలు అడ్డంగా పరిచి, చెక్క చీలలు కొట్టి పైకి లేపాం. మూడు గంటలు పట్టింది. మేస్త్రి విసుక్కున్నాడు, తర్వాత తనే రెండో మూల కూడా దారం పెట్టి చూశాడు.

*పల్లం ఖాతా ఇప్పటికి: రూ. 2,99,373*

దశ 7: రాతి గోడ, కన్నాలు (సెప్టెంబరు 25 – అక్టోబరు 22)

డెల్టాలో రాయి లేదు. గోదావరి దాటి పంగిడి, గౌరీపట్నం వైపు నుంచి నల్లరాయి రావాలి. గ్రావెలూ మెట్ట నుంచే. రాయి ధర కంటే దాని ప్రయాణం ధర ఎక్కువ అనిపిస్తుంది బిల్లు చూస్తే.

రెండో వరుస స్తంభాల వెంట 36 అడుగుల గోడ, పుంత వైపు మలుపు తిరిగి 22 అడుగుల చిన్న గోడ. పెద్ద గోడ వెడల్పు అడుగుభాగంలో 2 అడుగుల 3 అంగుళాలు, పైన 1 అడుగు 3 అంగుళాలు. కూలగొట్టిన ఇటుక గోడతో పోల్చితే ఎత్తు సగం, అడుగుభాగం మందం మూడు రెట్లు. గుంతలు పూడ్చిన మూడు చోట్లా గోడ దిగకుండా ముందు ఇసుక నింపి, నీరు పెట్టి, దిమ్మిస కొట్టాం.

నీరు పోవడానికి మూడంగుళాల పైపు ముక్కలు, నాలుగడుగులకి ఒకటి, ఎనిమిది. మేస్త్రులు వీప్ హోల్స్ అంటారు. మొదటి మూడూ పెట్టాక బకెట్ నీళ్లు తెచ్చి వెనక నుంచి పోయించాను. ఒక దాంట్లోంచి నీరు బయటకి రాలేదు. రసమట్టం పెడితే తెలిసింది: పైపు లోపలి వైపుకి వాలి ఉంది. అంటే బయటి వాన నీటిని మట్టిలోకి తీసుకెళ్లే పైపు! సిమెంటు పచ్చిగా ఉండగానే పీకి మళ్లీ పెట్టించాం. మిగతా వాటికి కొలత చెప్పాం: వెనక కొస కంటే ముందు కొస అంగుళంన్నర కిందకి.

గోడ వెనక వరస ఇది:

1. పైపు మూతికి దోమతెర గుడ్డ రెండు మడతలు.
2. గోడ పొడవునా అడుగు మందం 20 మిల్లీమీటర్ల కంకర.
3. ఆ వెనక ఎర్ర గ్రావెల్, ఆరంగుళాలకి ఒక పొర, ప్రతి పొరకీ తడిపి కంపాక్టరు తిప్పడం.
4. కూలగొట్టిన గోడ ముక్కలు పై పొర కింద.

మూడోదాంట్లో మాకూ మేస్త్రికీ మాటా మాటా వచ్చింది. అడుగున్నర పొరగా పోసి ఒకేసారి తొక్కిస్తే ఒక రోజు పని మిగులుతుందని ఆయన వాదన. ఇనుప కడ్డీ తెచ్చి, ఆరంగుళాల పొరలో ఒకసారి, ఆయన పోసిన అడుగున్నర పొరలో ఒకసారి గుచ్చి చూపించాను. మొదటిదాంట్లో రెండంగుళాలు దిగి ఆగింది. రెండోదాంట్లో పైన గట్టిగా ఉండి, ఆ తర్వాత జానెడు తేలిగ్గా దిగిపోయింది.

రాతి పని 60,060, కంకర 4,200, పైపులు 900, గ్రావెల్ రెండు టిప్పర్లు 17,000, కంపాక్టరు అద్దె 2,400. మొత్తం 84,560.
*పల్లం ఖాతా ఇప్పటికి: రూ. 3,83,933*

దశ 8: చిల్లర (అక్టోబరు 28 – నవంబరు 20)

చిల్లర అని పేరే గానీ ఎవరి అంచనాలోనూ లేనివి ఇవే.

రోడ్డు మీది వాన నీరు మా స్థలంలోకి దిగకుండా ముందు 36 అడుగుల సిమెంటు కాలువ: 13,680. పెరట్లోకి పది మెట్లు: 14,500. స్లాబు వెనక అంచుకి రెయిలింగు, 28 అడుగులు: 18,200. చదును ఇంట్లో రెయిలింగు మేడ మీదే కావాలి. మాకు వంటగది తలుపు తీస్తే కావాలి. సెప్టిక్ ట్యాంకు నీటి మట్టానికి పైన ఉండేలా లేపి, గోడలకి లోపలా బయటా పూత: 9,000. మరుగుదొడ్డి పైపుకి వాలు మాత్రం అడక్కుండానే దొరికింది.

మొత్తం 55,380.
*పల్లం ఖాతా ఇప్పటికి: రూ. 4,39,313*

జమ 4,20,000. అంటే 19,313 పైన పడింది. ఆలస్యమైన నెలల అద్దె ఇందులో కలపలేదు; కలిపితే మా వారు పుస్తకం మూసేయమన్నారు.

కాపీ కొట్టేవాళ్ల కోసం ఇంకో లెక్క. పనికిరాని 38 ట్రక్కులు 41,800, రెండుసార్లు జేసీబీ 13,200, నారుమడి దగ్గర 11,600, ఇటుక గోడ 23,360, వానాకాలం గుంతలు 21,300. ఇవి అచ్చంగా మా తప్పులు: 1,11,260. ఇవి లేకుండా ఇదే ఇల్లు, ఇదే స్థలంలో, అదనపు ఖర్చు 3,28,053 అయ్యేది. మీ దగ్గర సెంటుకి 50,000 మాత్రమే తగ్గిస్తానంటే ఆరు సెంట్లకి అది 3,00,000. అప్పుడు చదును స్థలమే నయం.

నవంబరు 27

రెండు రోజులుగా అల్పపీడనం వాన. ఉదయం గొడుగేసుకుని వెళ్లాను. చేలో కోతకొచ్చిన వరి సగం పడిపోయి ఉంది. ముందు సిమెంటు కాలువ నిండుగా పారుతోంది, మెరక మీద నీరు నిలవలేదు. రాతి గోడకి తూకం గుండు పెట్టాను. కట్టిన రోజు సున్నంతో గీసిన గీత మీదే ఉంది దారం.

ఎనిమిది కన్నాల్లో ఏడు కారుతున్నాయి. పుంత వైపు మొదటిదాని కింద మగ్గు పెడితే నిండడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నీరు తేటగా ఉంది, మట్టి రావడం లేదు. ఆరో కన్నం నుంచి చుక్క రాలేదు. వాన తగ్గాక కడ్డీ పెట్టి చూడాలి.